చిత్తూరు ఉద్యోగం: వద్దని చెప్పడానికి నాకు నెల పట్టింది

సెప్టెంబర్ 8, సోమవారం. పొద్దున పదకొండప్పుడు ఫోన్ వచ్చింది. మిద్దె మీద బట్టలు ఆరేస్తున్నాను. "మేడమ్, మీరు ఎమ్మెస్సీ మైక్రోబయాలజీ కదా? చిత్తూరు దగ్గర మామిడి గుజ్జు ఫ్యాక్టరీ, క్వాలిటీ కంట్రోల్ ల్యాబ్‌లో పోస్టు ఉంది. జీతం పద్దెనిమిది వేలు. గురువారం ఇంటర్వ్యూకి రాగలరా?" అన్నారు. వస్తానని అప్పుడే చెప్పేశాను. ఏ షిఫ్టు, చిత్తూరులో ఎక్కడ, ఏమీ అడగలేదు. మూడేళ్ల తర్వాత ఒకరు నా చదువు పేరు చెప్పి నన్ను పిలిచారు. ఆ సంతోషంలో ఇంకేం తోచలేదు.

మాది తిరుపతిలో మంగళం. మహిళా యూనివర్సిటీలో చదివాను. మూడేళ్ల ఎనిమిది నెలలు ఒక ఫుడ్ యూనిట్ ల్యాబ్‌లో పనిచేసి, పాపకు రెండేళ్లప్పుడు మానేశాను. ఇప్పుడు పాప యూకేజీ. సాయంత్రాలు ఇంట్లోనే ఆరుగురు పిల్లలకు ట్యూషన్ చెప్తాను, తలా 700. మా ఆయన హోటల్లో రిసెప్షన్‌లో చేస్తారు, వారం వారం షిఫ్టు మారుతుంది. అత్తమ్మ మాతోనే ఉంటుంది, మోకాళ్ల నొప్పులతో మెట్లు ఎక్కి దిగడం కష్టం. ఇవన్నీ ఎందుకు చెప్తున్నానంటే, నా లెక్క మొత్తం వీటి మీదే నడిచింది.

ఇంటర్వ్యూ 11వ తేదీ పదిన్నరకు. తిరుపతి నుంచి చిత్తూరు 70 కిలోమీటర్ల పైచిలుకు. ఫ్యాక్టరీ అక్కడితో అయిపోదు, చిత్తూరు దాటి జీడీ నెల్లూరు వైపు ఇంకో పదిహేను కిలోమీటర్లు పోవాలి. ఆ రోజు చిత్తూరు బస్టాండులో దిగి ఆటో మాట్లాడుకుంటే 150 తీసుకున్నాడు. సీజన్ అయిపోయింది కాబట్టి ఫ్యాక్టరీ నిశ్శబ్దంగా ఉంది. జూన్, జూలైలో తోతాపురి కాయల ట్రాక్టర్లు గేటు బయట రోజుల తరబడి నిలబడే చోట కుక్కలు పడుకుని ఉన్నాయి. లోపల మాత్రం గుజ్జు నింపిన డ్రమ్ములు, ఒక్కోటి 215 కిలోలు, వరసలు వరసలుగా ఉన్నాయి. ఏడాది పొడుగునా లోడింగులు ఉంటాయట.

ల్యాబ్ ఇన్‌చార్జి సారు పెద్దాయన. నాలుగు ప్రశ్నలు అడిగి, "చేసి చూపించమ్మా" అని ఒక శాంపిల్ ఇచ్చారు. పది గ్రాముల గుజ్జు, ఆమ్లత్వం చూడాలి, అంటే పులుపు ఎంతో. సూచిక కలిపి క్షారం చుక్కలుగా వదులుతూ పోతే పులుపు తీరిన చోట గులాబీ రంగు నిలుస్తుంది, క్షారం ఎంత పట్టిందో దాన్నిబట్టి లెక్క. మామూలు ద్రావణమైతే గులాబీ రంగు వచ్చిందీ లేనిదీ చిన్నపిల్లలు కూడా చెప్తారు. మామిడి గుజ్జు అట్లా కాదు. పసుపు మీద గులాబీ పడితే నారింజ రంగులా కనిపించి కన్ను మోసపోతుంది. బాగా నీళ్లు కలిపి పలచన చేశాను, ఫ్లాస్కు కింద తెల్ల కాగితం పెట్టాను, పక్కన పీహెచ్ మీటరు కూడా పెట్టుకున్నాను. చుక్క చుక్కగా వదులుతుంటే ఏడున్నర మిల్లీలీటర్లు దాటాక ఆ రంగు ఒక్క క్షణం వచ్చి పోయింది. ఇంకో మూడు చుక్కలు. 7.8 మిల్లీలీటర్ల దగ్గర రంగు నిలిచింది. అంటే 0.5 శాతం. సారు తన రిజిస్టర్ తీసి చూసి, "మాదీ అంతే ఉండాది" అన్నారు. నా చేతులు ఏదీ మర్చిపోలేదు. తిరుగు బస్సులో కిటికీ వైపు తిరిగి ఏడ్చాను. బాధతో కాదు.

రెండు రోజుల్లో లెటర్ పంపుతామన్నారు. పదకొండు రోజులు పట్టింది. ఈ పదకొండు రోజుల్లో నేను రెండుసార్లు ఫోన్ చేశాను. "ప్రాసెస్‌లో ఉంది మేడమ్" అన్న మాట తప్ప ఇంకోటి రాలేదు. ఇంట్లో మాత్రం అప్పుడే ఉద్యోగం వచ్చినట్టే అయిపోయింది. నగరిలో మా నాన్న మగ్గం నేసి నన్ను చదివించినాయన. ఫోన్‌లో ఆయన గొంతు మారిపోయింది. "ఎమ్మెస్సీ చేసి ఇంట్లో కూసున్నావని ఎంతమంది అడిగినారో నీకు తెల్దు మేయ్" అన్నారు. ఆ మాట నేను లెటర్ చదివేటప్పుడు కూడా చెవిలో ఉంది.

22వ తేదీ, సోమవారం సాయంత్రం లెటర్ వచ్చింది. మొదటి ఆశ్చర్యం, లెటర్ మీద ఫ్యాక్టరీ పేరు లేదు. మనుషుల్ని సరఫరా చేసే ఏజెన్సీ పేరు ఉంది. పదకొండు నెలల కాంట్రాక్టు. రెండో ఆశ్చర్యం జీతం. ఫోన్‌లో చెప్పిన పద్దెనిమిది వేలు అందులో ఉన్నాయి, నిజమే. కానీ అది వాళ్లు కట్టే పీఎఫ్, ఈఎస్ఐ వాటాలు కూడా కలిపిన లెక్క. అసలు జీతం 15,500. అందులో నా వాటా పీఎఫ్ 1,800, ఈఎస్ఐ 117, వృత్తి పన్ను 150 పోతే చేతికి వచ్చేది 13,433. ఎవరైనా ఫోన్‌లో జీతం చెప్తే "చేతికి ఎంత?" అని ఆ ఫోన్‌లోనే అడగండి. అడగడానికి నాకు మొహమాటం అడ్డొచ్చింది, దానికి రెండు వారాలు ఖరీదు కట్టాను.

మూడోది, చేరే రోజు ఒరిజినల్ సర్టిఫికెట్లు ఏజెన్సీలో ఇవ్వాలని రాసి ఉంది. దీనికి మాత్రం వెంటనే ఫోన్ చేశాను. చూపిస్తాను, జిరాక్సులు ఇస్తాను, ఒరిజినల్స్ ఇవ్వను అన్నాను. ఐదు నిమిషాలు అటూ ఇటూ అని, "సరే మేడమ్, చూపించి తీసుకెళ్లండి" అన్నారు. అంత తేలిగ్గా ఒప్పుకుంటారని అనుకోలేదు. అడగకపోతే ఆ ఫైలు పదకొండు నెలలు వాళ్ల బీరువాలో ఉండేది.

30వ తేదీలోగా ఏదో ఒకటి చెప్పాలి. ఇంట్లో అందరూ ఒకే మాట. "బస్సు ఫ్రీయే కదమ్మా, ఇంకేంది నీకు ఖర్చు?" అంది అత్తమ్మ. 2025 ఆగస్టు 15న స్త్రీశక్తి, ఆడవాళ్లకు ఆర్టీసీ బస్సు ఫ్రీ పథకం, మొదలైనప్పటి నుంచి మా వీధిలో అందరి లెక్కా అదే. నా లెక్క కూడా అదే. ఆ పథకం లేకపోతే నేను ఈ ఉద్యోగం గురించి ఒక్క పూట కూడా ఆలోచించేదాన్ని కాదు. రోజుకు రెండు వందల పైన టికెట్లే అయ్యేవి.

ఉద్యోగానికి వెళ్తున్నట్టే ఒక రోజు వెళ్లి చూడాలని నాకు తోచింది. 25వ తేదీ గురువారం నాలుగుకు లేచాను. మా ఆయనకు ఆ వారం నైట్ షిఫ్టు, దింపడానికి లేరు. ఐదుంబావుకు రోడ్డు మీదికి వస్తే షేర్ ఆటో ఒక్కటీ లేదు. ఇరవై రూపాయలకు పోయే దారికి 120 ఇచ్చి మామూలు ఆటోలో పోయాను. బ్రహ్మోత్సవాలు ముందురోజే మొదలయ్యాయి, బస్టాండులో కాలు పెట్టే సందు లేదు. మొదట వచ్చింది వేలూరు బస్సు. ఎక్కి ఆధార్ కార్డు చూపిస్తే కండక్టరు తల అడ్డంగా ఊపాడు. పక్క రాష్ట్రానికి పోయే బస్సుల్లో జీరో టికెట్, అంటే ఫ్రీ టికెట్, లేదు. మనం దిగేది చిత్తూరులోనే అయినా లేదు. దిగిపోయాను. నాన్‌స్టాప్‌లో కూడా ఉండదు. పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ కోసం చూడాలి. ఎక్స్‌ప్రెస్ ఆరూ ఇరవైకి వచ్చింది, నేనూ ఎక్కాను, కూర్చోవడానికి లేదు. చంద్రగిరి దాటింది, నేండ్రగుంట దాటింది, నిలబడే ఉన్నాను. పూతలపట్టు దగ్గర సీటు దొరికింది. చిత్తూరులో దిగేసరికి 8:25. ఫ్యాక్టరీ వ్యాను బస్టాండు నుంచి 8:15కే వెళ్లిపోతుంది.

నిజంగా ఉద్యోగంలో ఉండి ఉంటే ఆ రోజు ఆటోకు ఇంకో 150, లేదా సగం రోజు జీతం కోత.

ఇంటికొచ్చి ఈ మాట చెప్తే, పండగ రద్దీలో పోయి చూస్తే ఎట్లా, మామూలు రోజు పోయి చూడు అన్నారు మా ఆయన. న్యాయమైన మాట. ఏజెన్సీకి ఫోన్ చేసి దసరా అయ్యేదాకా గడువు అడిగాను. అక్టోబర్ 8 వరకు ఇచ్చారు. మధ్యలో రైలు కూడా చూశాను, పాకాల మీదుగా కాట్పాడి పోయే ప్యాసింజరు. ఆ షిఫ్టుకు కుదిరే వేళకు లేదు.

అక్టోబర్ 6, సోమవారం. ఈసారి ల్యాబ్ సారుకు ముందే చెప్పాను, ఒక రోజు వచ్చి పని చూసి పోతానని. ఆయన వ్యానులో కూడా రమ్మన్నారు. మా ఆయన బండి మీద దింపారు. 5:45కు బస్టాండు, 6:12కు ఎక్స్‌ప్రెస్ కదిలింది, సీటు దొరికింది. 8:02కు చిత్తూరు. వ్యాను దొరికింది. అంతా సరిగ్గా జరిగింది. అందుకే ఆ రోజు చూసింది నాకు అంత గట్టిగా తగిలింది.

వ్యానులో నా పక్కన ఒక అమ్మాయి, పూతలపట్టు దగ్గర పల్లె. ల్యాబ్‌లోనే రెండేళ్లుగా చేస్తోంది. "సీజన్‌లో ఎట్లా?" అని అడిగాను. "మే నెలాఖరు నుంచి పన్నెండు గంటల డ్యూటీ అక్కా. వారం పగలు, వారం రాత్రి. మేం ఆరుగురం చిత్తూరు గ్రీమ్స్‌పేటలో రూము తీసుకుంటాం. ఇంటికి పోయేది లేదు, రెణ్ణెల్లు" అంది. లెటర్‌లో "కంపెనీ అవసరాన్ని బట్టి షిఫ్టులు" అని ఒక్క వరస ఉంది. ఆ వరసలో ఇంత ఉందని నాకు తెలియలేదు. అక్టోబర్‌లో చేరితే పదకొండు నెలల కాంట్రాక్టులో సీజన్ మొత్తం వస్తుంది. నిజానికి వాళ్లకు మనిషి కావాల్సింది ఆ రెండు నెలలకే అని అప్పుడు అర్థమైంది.

పని మాత్రం నాకు చాలా నచ్చింది. ఆ రోజు ఒక లోడు బయలుదేరాలి. డ్రమ్ముల నుంచి తీసి పెట్టిన శాంపిళ్లకు బ్రిక్స్, అంటే తీపి ఎంతో, చూశాం. ఒక్క బొట్టు రిఫ్రాక్టోమీటర్ గాజు మీద వేసి మూత వాల్చి కన్ను పెడితే, 14కు పైన సన్నటి గీత. సూక్ష్మజీవులు పెరుగుతాయేమో చూడటానికి ఇంక్యుబేటర్‌లో ఉంచిన ప్లేట్లు తీసి ఒక్కోటి వెలుతురుకు ఎత్తి చూశాం. ఒక్క కాలనీ కూడా లేదు, అద్దంలా ఉన్నాయి. ఈస్ట్, మోల్డ్ ప్లేట్లు కూడా అంతే. సారు నన్ను రిజిస్టర్‌లో రాయమన్నారు. నా దస్తూరీతో 'నిల్' అని రాస్తుంటే ఈ కుర్చీలో రేపు కూడా కూర్చోవాలని ఎంత ఆశ పుట్టిందో చెప్పలేను.

ఐదున్నరకు వ్యాను. ఆరుకు చిత్తూరు. ఎక్స్‌ప్రెస్ 6:25కు దొరికింది, సగం దారి నిలబడే. 8:20కి తిరుపతి. షేర్ ఆటో నిండేదాకా ఆగి, ఇల్లు చేరేసరికి 8:50. పాప హాల్లోనే నిద్రపోయి ఉంది. ఒక కాలికి సాక్సు అట్లానే ఉంది. పక్కన హోంవర్క్ పుస్తకం తెరిచి ఉంది, 'ఋ' అక్షరం రెండు వరసలు రాసి మూడో వరసలో పెన్సిల్ ఆగిపోయింది. అత్తమ్మ మోకాళ్లకు నూనె రాసుకుంటూ, "మూడుసార్లు వాకిట్లోకి పోయి చూసొచ్చింది" అంది. నన్ను తప్పు పట్టలేదు. "నువ్వు పో, నేను జూసుకుంటా" అని కూడా అంది. ఆ ముసలామె ఆ రోజు పాప కోసం మెట్లు రెండుసార్లు ఎక్కి దిగిందని మా ఆయన తర్వాత చెప్పారు.

ఆ రాత్రి ఇద్దరం కూర్చుని కాగితం మీద రాశాం. ఇంటి నుంచి ఇంటికి పదిహేనున్నర గంటలు. నెలకు 26 రోజులు, 403 గంటలు. చేతికి 13,433. పొద్దున బండి పెట్రోలుకు 600, సాయంత్రం ఆటోకు 520. ఎక్స్‌ప్రెస్ దొరకని రోజుల టికెట్లకు 500, వ్యాను తప్పిన రోజులకు 300. నాలుగుకు లేచి వండలేను కాబట్టి పొద్దున టిఫిన్‌కు రోజుకు ముప్పై, అంటే 780. స్కూలు నుంచి పాపను తెచ్చి సాయంత్రం వరకు చూసుకోవడానికి పక్కింటావిడకు 2,000. అన్నిటికన్నా పెద్దది మేం ఇద్దరం మర్చిపోయాం, చివర్లో గుర్తొచ్చింది. ట్యూషన్ పోతుంది. 4,200. మొత్తం 8,900. మిగిలేది 4,533. గంటకు పదకొండు రూపాయల చిల్లర.

పీఎఫ్ కూడా మనదే కదా అన్నారు మా ఆయన. అవును. నా 1,800కు వాళ్ల వాటాలో పెన్షన్‌కు పోయే 1,250 పోగా మిగిలిన 550 కలిపితే 2,350. దాన్ని కూడా వేసుకున్నాం. 6,883. గంటకు పదిహేడు రూపాయలు. ఫ్రీ బస్సు ఉన్నా అంతే. బస్సు నా డబ్బు మిగిల్చింది గానీ రోజుకు ఆరేడు గంటలు దారిలోనే పోతున్నాయి.

ఇంత తక్కువని తెలిశాక కూడా నేను వద్దని అనలేకపోయాను. అనుభవం కోసం ఏడాది కష్టపడదామా అన్నది ఇంకా మిగిలే ఉంది. ఫుడ్ కంపెనీలో ఇటీవలి అనుభవం ఉంటే తర్వాత దగ్గర్లో మంచిది దొరకొచ్చు. ఈ గ్యాప్ ఎంత పెరిగితే అంత కష్టం. పెన్షన్‌కు పదేళ్ల సర్వీసు కావాలి, నాకున్నది నాలుగేళ్లు కూడా లేదు. అందుకే 7వ తేదీ పొద్దున ఏజెన్సీకి మూడు సంగతులు రాసి మెయిల్ పెట్టాను. అనుభవ పత్రం ఫ్యాక్టరీ పేరుతో ఇస్తారా? తొమ్మిదిన్నరకు వచ్చి ఆరున్నరకు పోయే వీలుందా? సీజన్‌లో రాత్రి డ్యూటీ లేకుండా పగలు మాత్రమే ఇస్తారా?

సాయంత్రం ఐదుకు ఏజెన్సీ నుంచి ఒకామె ఫోన్ చేసింది. ఆమె మర్యాదగానే మాట్లాడింది. పత్రం ఏజెన్సీ పేరుతోనే వస్తుంది, "క్లయింట్ దగ్గర పనిచేశారు" అని రాస్తారు, కంపెనీ పేరు రాయరు. వ్యాను ఒక్కటే కాబట్టి వేళ మారదు. రాత్రి డ్యూటీ అందరికీ వంతులే, కావాలంటే రూము చూపిస్తారు.

మొదటి జవాబుతోనే నాకు తేలిపోయింది. దూరం భరిస్తాను, డబ్బు తక్కువైనా భరిస్తాను, ఎందుకంటే చివర్లో ఆ కాగితం ఉంటుందనుకున్నాను. ఆ కాగితం మీద నేను పనిచేసిన చోటు పేరే ఉండదంటే, ఇంకో ఇంటర్వ్యూలో నేను ఆ ల్యాబ్‌లో చేశానని ఎట్లా చూపించేది? ఇప్పుడు తలుచుకుంటే, ఈ ప్రశ్న 22వ తేదీనే అడగాల్సింది. లెటర్ మీద వేరే పేరు చూసిన రోజే.

8వ తేదీ పదింటికి వద్దని చెప్పాను. మెయిల్ కూడా పెట్టాను, ఫోన్ కూడా చేశాను. మెయిల్ రాయడానికి గంట పట్టింది, ఫోన్ రెండు నిమిషాల్లో అయిపోయింది. "సరే మేడమ్" అన్నారు. ల్యాబ్ సారుకు విడిగా ఫోన్ చేశాను, ఆయన నాతో ఒక రోజంతా గడిపారు కదా. ఆయన కాసేపు ఏమీ అనలేదు. తర్వాత, "నీ చేతిలో పని ఉందమ్మా, వదులుకోవద్దు. నా పేరు రాసుకో, ఎవరన్నా అడిగితే ఫోన్ చేయమను" అన్నారు. ఏజెన్సీ ఇవ్వనన్న కాగితంలో సగం ఆయన ఆ మాటతో ఇచ్చారు.

నాన్నకు చెప్పడమే అన్నిటికన్నా కష్టమైంది. రెండు రోజులు చెప్పలేదు. చెప్పాక లెక్కలు ఏమీ అడగలేదు. "పాప ఎట్లుంది?" అని మాత్రం అడిగారు. ఆ తర్వాత వారం రోజులు ఆయనే ఫోన్ చేయలేదు, నేనే చేశాను.

ఈ నెల రోజుల్లో నాకు అయిన ఖర్చు: మూడు ప్రయాణాలకు ఆటోలు, టిఫిన్లు, ప్రింటవుట్లు, కొరియరు కలిపి 1,100 దాకా. రెండు రోజుల ట్యూషన్ పోయింది. ఒక మంచి కూడా జరిగింది. పాత పీఎఫ్ ఖాతాను ఈ వంకతో తెరిచి చూస్తే అందులో నా బ్యాంకు ఖాతా పాతది, మూసేసింది ఉంది. మార్చి పెట్టుకున్నాను. ఉద్యోగం మానేసి ఇంట్లో ఉన్నవాళ్లు ఒకసారి చూసుకోండి.

దీపావళి అయ్యాక, 22వ తేదీన, రేణిగుంటలో ఒక యూనిట్‌కు రెజ్యూమే ఇచ్చాను. ఇంకా పిలుపు రాలేదు. ఇచ్చే ముందు రోజు పొద్దున ఏడున్నరకు మంగళం నుంచి వాళ్ల గేటు వరకు పోయి చూసొచ్చాను. ఆటో మారి పోతే నలభై నిమిషాలు. గేటు దగ్గర సెక్యూరిటీ అన్నను అడిగాను, ఇక్కడ చేసేవాళ్లకు లెటర్ ఏ పేరుతో ఇస్తారని. కొందరికి కంపెనీదే ఇస్తారు, కొందరికి ఏజెన్సీది, అన్నాడు. ఏ పోస్టులకు ఏదో కూడా అడిగి రాసుకొచ్చాను.